ఉబ్బసం చీటీలో బరువు ఊసేదీ?

నలభై దాటాక తొలిసారి ఉబ్బసం బయటపడిన స్త్రీలు మా ఓపీల్లో తరచుగా కనిపిస్తారు. చిన్నప్పుడు ఆయాసం లేదు, ఇంట్లో ఎవరికీ ఎలర్జీ లేదు, రక్తపరీక్షలో ఇయోసినోఫిల్స్ మామూలుగానే ఉంటాయి. బరువు మాత్రం కొన్నేళ్లుగా పెరుగుతూ వచ్చి ఉంటుంది. స్టీరాయిడ్ ఇన్‌హేలర్ రాస్తాం, పీల్చే పద్ధతి సరిచూస్తాం, డోసు పెంచుతాం. పిల్లికూతలు కొంత తగ్గినా రాత్రి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం అలాగే ఉంటాయి. ఇలాంటివారిలో స్థూలకాయం ఉబ్బసం పక్కన చేరిన మరో జబ్బు కాదనీ, చాలామందిలో ఆ ఉబ్బసాన్ని నడిపిస్తున్నది అదేననీ నా అభిప్రాయం. డోసు మళ్లీ పెంచేముందు ఆ సంగతి ఆలోచించాలి.

పొట్ట పెరిగితే ఆయాసం రాదా, దాన్ని ఉబ్బసం అనడమెందుకని కొందరు డాక్టర్లే అడుగుతారు. అందులో నిజం ఉంది. పొట్టలోని కొవ్వు డయాఫ్రమ్‌ను పైకి నెడుతుంది, ఊపిరితిత్తుల అడుగుభాగం సరిగా విచ్చుకోదు. అందుకే స్పైరోమెట్రీ (గాలి ఊదే పరీక్ష) లేకుండా ఇన్‌హేలర్ రాయకూడదు. ఒక్క సెకనులో వదిలే గాలీ, మొత్తం వదిలే గాలీ రెండూ ఒకే పాళ్లలో తగ్గితే అది బరువు వల్ల కావచ్చు. కానీ శ్వాసనాళాలు ముడుచుకుంటున్నాయని పరీక్షలో తేలినవారి విషయం అంతటితో ఆగదు. కొవ్వు ఊరికే నిల్వ ఉండే పదార్థం కాదు, అది హార్మోన్లను విడుదల చేసే కణజాలం. అది పెరిగేకొద్దీ వాపును ఎగదోసే లెప్టిన్ ఎక్కువవుతుంది, వాపును అణిచే అడిపోనెక్టిన్ తగ్గుతుంది. శ్వాసనాళాల లోపలి పొరలో ఆర్జినిన్ నుంచి నైట్రిక్ ఆక్సైడ్ తయారు చేసే ఎంజైము ఒకటుంది, నాళాలు వదులుగా ఉండడానికి ఆ వాయువు తోడ్పడుతుంది. ఆర్జినిన్‌ను పోలిన ఏడీఎంఏ అనే పదార్థం ఎక్కువైతే ఆ ఎంజైము దారితప్పి, నైట్రిక్ ఆక్సైడ్‌కు బదులు సూపరాక్సైడ్‌ను వదులుతుంది. అది మిగిలిన నైట్రిక్ ఆక్సైడ్‌తో కలిసి పెరాక్సీనైట్రైట్‌గా మారి కణాలను దెబ్బతీస్తుంది. ఆక్సిడేటివ్ ఒత్తిడి అంటే ఇదే. పెద్దవయసులో ఉబ్బసం వచ్చిన స్థూలకాయుల్లో బరువు పెరిగేకొద్దీ ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ తగ్గడానికి ఇదే కారణం కావచ్చని అమెరికాలో ఫెర్నాండో హోల్గిన్ బృందం 2013లో సూచించింది. ఊపిరి పరీక్షలో ఆ వాయువు అంకె తక్కువగా ఉందని జబ్బు అదుపులో ఉందనుకుంటే మోసపోతాం. ఎలర్జీ వాపును అణచడానికి పనికొచ్చే స్టీరాయిడ్ ఈ ఒత్తిడిని అంతగా తగ్గించలేదు.

ఉబ్బసం ఉన్నవాళ్లు నడవలేరు, పైగా స్టీరాయిడ్ మాత్రలు మింగుతారు, అందుకే లావవుతారన్నది ఇంకో వాదన. ఆ దారీ ఉంది, ప్రెడ్నిసొలోన్‌ను మాటిమాటికీ రాయకూడదనడానికి అదొక కారణం. అయితే అమెరికాలో 1991 నుంచి 1995 వరకు నర్సులపై జరిగిన పరిశీలనలో, మొదట ఉబ్బసం లేనివారినే తీసుకున్నారు. పద్దెనిమిదేళ్ల వయసు తర్వాత బరువు బాగా పెరిగినవారికే అది ఎక్కువగా వచ్చింది. ముందు వచ్చింది బరువే.

ఆక్సిడేటివ్ ఒత్తిడి అనగానే యాంటీఆక్సిడెంట్ మాత్రలు వేసుకుంటే సరిపోదా అని అడుగుతారు. మెడికల్ షాపులో అవి చీటీ లేకుండానే దొరుకుతాయి. విటమిన్ సి, ఇ మాత్రలు ఉబ్బసంలో చెప్పుకోదగ్గ మేలు చేసినట్టు రుజువు కాలేదు. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవారికి బీటా కెరోటిన్ అనే మరో యాంటీఆక్సిడెంట్ ఇచ్చి చూస్తే, 1994లో వచ్చిన ఫలితాల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది. కారణాన్ని అలాగే ఉంచి మాత్రలు మింగితే ప్రయోజనం లేదు.

బరువు తగ్గించడానికి ఆధారం ఇంతకన్నా గట్టిది. శరీర బరువులో ఐదు నుంచి పది శాతం తగ్గినా చాలామందికి ఉబ్బసం అదుపు మెరుగవుతుంది. ఎనభై కిలోల మనిషికి అది నాలుగు కిలోలతో మొదలవుతుంది, అంటే అందనంత దూరం కాదు. మనవాళ్లలో బీఎంఐ 25 దాటితే చాలు, స్థూలకాయం, నడుము ఆడవారికి 80, మగవారికి 90 సెంటీమీటర్లు దాటితే ప్రమాదం. పాశ్చాత్యుల లెక్కలో వీరిలో చాలామంది లావుగానే కనిపించరు. లావెక్కావని తిట్టడం వైద్యం కాదు. ఎంత తగ్గాలో, ఎన్నాళ్లలో తగ్గాలో, రాత్రి అన్నం ఎంత తినాలో ఇన్‌హేలర్ పక్కనే రాసివ్వాలి. డాక్టరు రాయకపోతే మీరే అడగండి. బరువు తగ్గుతోంది కదా అని ఇన్‌హేలర్‌ను మాత్రం సొంతంగా ఆపకండి.