నర్సమ్మలకు రాజకీయాలెందుకు అంటారు

మేము నలుగురం. నలుగురం ఏజెన్సీ బిడ్డలమే. ఇద్దరిది అడ్డతీగల వైపు, ఒకరిది రాజవొమ్మంగి, ఇంకొకరిది మారేడుమిల్లి పైన కొండరెడ్ల ఊరు. నర్సు పని చేసి, రిటైరయ్యి, సామర్లకోటలో దగ్గర దగ్గర వీధుల్లో ఉంటున్నాం. బయటివాళ్లకు సామర్లకోట అంటే కుమారారామ భీమేశ్వరుడి గుడి, రైల్వే జంక్షను. మాకు మాత్రం ఇది కొండకూ కాకినాడ పెద్దాసుపత్రికీ మధ్య ఉన్న ఊరు. ఏలేశ్వరం, జగ్గంపేట, పెద్దాపురం మీదుగా రోగిని తీసుకొస్తున్న మనవాళ్లు దారిలోనే మాకు ఫోన్ చేస్తారు. "అక్కా, కాకినాడ రాసేశారు. ఎక్కడ దిగాలి, ఎవరిని అడగాలి?" ఉద్యోగం అయిపోయినా ఈ డ్యూటీ మాత్రం అయిపోలేదు.

ఈ ఫోన్లు ఎత్తుతూ ఎత్తుతూ మేము మాట్లాడుకునేవి చివరికి రాజకీయాల దగ్గరికే వస్తాయి. "నర్సమ్మలకు రాజకీయాలెందుకమ్మా, మందులిచ్చే చేతులు మీవి" అని మమ్మల్ని చాలామంది అన్నారు. వాళ్లకు మేము ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు చెబుతాం. ఏటా మే 12న నర్సుల దినం నాడు ఆమె ఫోటోకి దండ వేస్తారు, దీపం పట్టుకున్న అమ్మ అంటారు. ఆమె భారతదేశానికి ఎప్పుడూ రాలేదు. అయినా ఇక్కడి కరువుల గురించి, కాలవల గురించి ఏళ్ల తరబడి రాసింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర సాగునీటి కోసం వాదిస్తే ఆయన పక్షాన నిలబడింది. తిండి, నీళ్లు లేనిచోట ఆసుపత్రి ఒక్కటే మనిషిని నిలబెట్టలేదని ఆమెకు తెలుసు. ప్రభుత్వం డబ్బు దేనికి ఖర్చుపెట్టాలి అని అడగడం రాజకీయమే కదా. 1852లో పూర్తయిన ఆ ఆనకట్ట వల్ల డెల్టా పచ్చబడింది. ఆ కాలవ మా సామర్లకోటలోనూ పారుతుంది. ఆ నీళ్లు మన కొండకు మాత్రం ఎక్కలేదు. ఇది కూడా ఆరోగ్యం లెక్కలోదే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వైద్యం మారలేదని మేము అనం. చాలా మారింది. మేము చేరిన రోజుల్లో గాజు సిరంజిలు, సూదులు పొయ్యి మీద ఉడకబెట్టి వాడేవాళ్లం. ఇప్పుడు ఒకసారి వాడగానే మళ్లీ పనికిరాకుండా బిగుసుకుపోయే సిరంజి వచ్చింది. చలిజ్వరం వస్తే వేలిమీద రక్తం చుక్క తీసి గాజుపలక మీద రాసి పంపేవాళ్లం. ఫలితం వచ్చేసరికి జ్వరం మనిషిని సగం తినేసేది, లేదా ఆ మనిషి పోడుకో, సంతకో పోయి దొరికేవాడు కాదు. ఇప్పుడు చిన్న కిట్టు మీద పావుగంట, ఇరవై నిమిషాల్లో తెలిసిపోతుంది. మెదడుకెక్కే రకం మలేరియాకు క్లోరోక్విన్ పనిచేయడం మానేస్తే దాని బదులు కొత్త మందుల జత వచ్చింది. 2005 ఆగస్టు 15న 108 బండి మొదలైంది. అదే ఏడు జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చి, ఊరూరా ఆశా కార్యకర్తలు వచ్చారు. కాన్పుకు ఆసుపత్రికి రమ్మంటే మేము ఊరంతా తిరిగి బతిమాలిన రోజులున్నాయి. ఇప్పుడు వాళ్లే నెలలు లెక్కపెట్టుకుని ఫోన్ చేస్తున్నారు.

లెక్కలు కూడా ఇదే చెబుతాయి. మన రాష్ట్రంలో 2001-03లో లక్ష సజీవ జననాలకు 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి అది 45కి దిగింది. దీని వెనుక ఎంతమంది ఏఎన్ఎంల కాళ్లు అరిగాయో మాకు తెలుసు. ఇక్కడే మా మొదటి ప్రశ్న కూడా ఉంది. ఆ 45 రాష్ట్రం మొత్తానికి తీసిన లెక్క. అందులో భీమవరం ఉంది, విజయవాడ ఉంది, వై.రామవరం పైన ఉన్న కొండ ఊరూ ఉంది. మన కొండలకు వేరే గీత గీసి ఆ లెక్క చెప్పరు. సగటు తీస్తే పల్లపు ప్రాంతంలో బతికిన తల్లుల వెనుక కొండ మీద పోయిన తల్లి కనబడకుండా పోతుంది. లెక్కలో కనబడని మనిషికి బడ్జెట్టులోనూ చోటు దొరకదు. దేశం మొత్తం మీద గిరిజనుల ఆరోగ్యాన్ని చూడమని వేసిన నిపుణుల కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది. జనాభాలో మనం 8 శాతం పైచిలుకే. మలేరియా కేసుల్లో మాత్రం 30 శాతం, మలేరియా చావుల్లో సగం మనవే అని అందులో ఉంది. వేరుగా లెక్క తీస్తే గానీ ఈ సంగతి బయటపడలేదు.

రెండో ప్రశ్న కొలబద్ద గురించి. పల్లంలో 5 వేల జనాభాకు ఒక సబ్ సెంటరు ఉండాలి, కొండ ప్రాంతంలో 3 వేలకే ఒకటి ఉండాలి అని ప్రమాణం. పీహెచ్‌సీ అయితే పల్లంలో 30 వేలకు, మనకు 20 వేలకు. వినడానికి మనకే మేలు చేసినట్టు ఉంటుంది. కానీ సామర్లకోటలో 3 వేల మంది రెండు మూడు వీధుల్లో ఉంటారు. మన దగ్గర ఆ 3 వేల మంది ఇరవై, పాతిక పల్లెల్లో, వాగులకు అటూ ఇటూ ఉంటారు. వాగు పొంగితే మూడు వేల మందికి ఉన్న నర్సమ్మ మూడు వందల మందికి కూడా అందదు. తలలు లెక్కపెట్టే కొలబద్ద ఒక్కటే మనకు చాలదు. రోగి ఎన్ని గంటల్లో చేరగలడో కూడా కొలవాలి. ఈ మాట చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు, డోలీ కర్ర ఒకసారి భుజాన పెట్టుకుంటే చాలు.

మేము పనిచేసిన కాలంలో ఆ గది పేరు సబ్ సెంటరు. తర్వాత హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటరు అన్నారు, విలేజ్ క్లినిక్ అన్నారు, 2023 చివర నుంచి ఆయుష్మాన్ ఆరోగ్య మందిరం అంటున్నారు. ఏ పార్టీ వస్తే ఆ రంగు, ఆ బోర్డు. బోర్డు మార్చినందుకు మేము ఏ పార్టీనీ తిట్టం, మార్చినందుకు పొగడం కూడా. మేము చూసేది లోపల. గదిలో నర్సు ఉందా, రాత్రి ఉంటుందా, ఉండడానికి తలుపుకు గడియ, దొడ్డికి నీళ్లు ఉన్నాయా, పాముకాటు మందు ఉందా, ఫ్రిజ్జుకు కరెంటు ఉందా. ఓటు అడగడానికి వచ్చినవాళ్లను ఈ ఐదూ అడగండి. కొత్త భవనం ఇస్తామంటే, పాత భవనంలో ఖాళీ పోస్టు ఎప్పుడు నింపుతారో చెప్పమనండి.

ఇక న్యాయం. 1992 జూలైలో పశ్చిమ బెంగాల్లో హకీం షేక్ అనే వ్యవసాయ కూలి రైల్లోంచి పడి తలకు దెబ్బ తగిలించుకున్నాడు. ఒక సర్కారు ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి తిప్పారు. మంచం లేదన్నారు, మిషను లేదన్నారు. చివరికి ప్రైవేటు ఆసుపత్రిలో అప్పటి డబ్బుల్లో 17 వేలు కట్టి బతికాడు. అతనూ, కూలీల సంఘమూ సుప్రీంకోర్టుకు వెళితే 1996లో తీర్పు వచ్చింది. అత్యవసరంలో ఉన్న మనిషికి సర్కారు ఆసుపత్రి వైద్యం చేయకపోతే అది రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును కాదనడమే అంది కోర్టు. డబ్బు లేదనే సాకు చెల్లదంది. అతనికి 25 వేల పరిహారం ఇమ్మంది. మేము జంక్షను ఊళ్లో ఉంటున్నాం కాబట్టి ఈ కేసు మాకు బాగా గుర్తుంటుంది. "ఇక్కడ కాదు, ఇంకోచోటికి పొండి" అన్నప్పుడు మన కుర్రాళ్లు చేతులు కట్టుకుని బయటికి వచ్చేస్తారు. రావద్దు. ఎందుకు కాదో కాగితం మీద రాసిమ్మని మర్యాదగా అడగండి. ఆ కాగితం అడిగిన చోట చాలాసార్లు మంచం దొరకడం మేము చూశాం.

మాస్టార్లకూ, వార్డెన్లకూ ఒక మాట. ఇది అందరికన్నా మీకే ఎక్కువ తగులుతుంది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, మన ఐసీఎంఆర్ కలిసి చేపట్టిన పథకం అది. సుమారు 14 వేల మంది బాలికలు. వాళ్లలో చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్లలో ఉండేవాళ్లు. కొందరు బాలికలు చనిపోవడంతో గొడవ మొదలై 2010 ఏప్రిల్లో ఆపేశారు. ఆ చావులకు టీకాతో సంబంధం ఉన్నట్టు కనిపించలేదని విచారణ కమిటీ చెప్పింది. కానీ అనుమతి పత్రాలు తీసి చూస్తే వేరే సంగతి బయటపడింది. చూసిన 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలే ఉన్నాయి. 2,763 పత్రాల మీద అమ్మానాన్నల బదులు వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకం పెట్టారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ పద్ధతిని గట్టిగా తప్పుపట్టింది.

ఇందులో టీకాను తిట్టడానికి ఏమీ లేదు. నర్సులుగా చెబుతున్నాం, అది మంచి టీకా. ఆ క్యాన్సరుతో ఆడవాళ్లు ఎలా పోతారో వార్డుల్లో చూసినవాళ్లం. తప్పు సూదిలో లేదు, అడగకుండా వేయడంలో ఉంది. అమ్మకు చదువు రాకపోతే చదివి వినిపించాలి. తెలుగు సరిగా రాకపోతే కోయ తెలిసినవాళ్లతో చెప్పించాలి. "వద్దు" అనే అవకాశం ఉంచాలి. "గిరిజనులు కదా, వాళ్లకేం తెలుసు, మనమే పెట్టేద్దాం" అనుకున్న క్షణంలో న్యాయం పోతుంది, దాని వెనకే నమ్మకం పోతుంది. నమ్మకం ఒకసారి పోతే తర్వాత పోలియో చుక్కలకు వెళ్లిన నర్సమ్మ ముందు కూడా తలుపు వేసేస్తారు.

ఇదే పరీక్ష ఇప్పుడు ఇంకో రూపంలో వచ్చింది. 2023 జూలై 1న సికిల్ సెల్ రక్తహీనతను 2047 నాటికి లేకుండా చేయాలని జాతీయ మిషన్ మొదలుపెట్టారు. ఆశ్రమ పాఠశాలల్లో పిల్లల రక్తం పరీక్ష చేసి కార్డు ఇస్తారు. పరీక్ష తప్పక చేయించుకోండి. అయితే కార్డులో ఉన్నదేమిటో పిల్లకీ, తల్లిదండ్రులకీ అర్థమయ్యేలా చెప్పాలి. తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ ఒక్కరి నుంచే ఆ లక్షణం వస్తే అది మోసేవాళ్లే తప్ప రోగులు కారు. ఇద్దరి నుంచీ వస్తే అప్పుడు జబ్బు. ఇద్దరు మోసేవాళ్లు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. ఇది పెళ్లికి ముందు ఆలోచించుకోవడానికి పనికొచ్చే సంగతి. ఆడపిల్లను పక్కన కూర్చోబెట్టడానికి కాదు. ఆ కార్డు సంగతి క్లాసులో పైకి చదవకండి మాస్టారూ. అది ఆ బిడ్డది.

ఉద్యోగాల సంగతి కూడా చెప్పాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో నెంబరు 3ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ రాజ్యాంగానికి సరిపోదంది. తీర్పు తీర్పే. మా అనుభవం మాత్రం ఒకటుంది. నొప్పి ఎక్కడో తన భాషలో చెప్పగలిగిన తల్లి తొందరగా బయటపడుతుంది. పల్లం నుంచి వచ్చి బదిలీ కోసం రోజులు లెక్కపెట్టే మనిషికి ఆ నొప్పి సగమే వినబడుతుంది. బడిలో బిడ్డకూ అంతే. కాబట్టి మనవాళ్లు మన ఊళ్లలో పనిచేసే వీలు కల్పించే చట్టం ఎలా ఉండాలో వెతకాలి, అడగాలి. దాని కోసం మన పిల్లలు నర్సింగే కాదు, లా కూడా చదవాలి.

నర్సింగు చదివి ప్రైవేటు ఆసుపత్రుల్లో చేరిన మా చెల్లెళ్లకు ఇంకో మాట. మా బంధువుల పిల్లను ఒకచోట సర్టిఫికెట్లు తీసేసుకుని, పన్నెండు గంటల డ్యూటీ వేసి, చేతికి చాలీచాలని జీతం ఇచ్చారు. 2016లో సుప్రీంకోర్టు మాట మీద కేంద్రం వేసిన కమిటీ, యాభై మంచాల లోపు ఆసుపత్రిలో కూడా నర్సుకు నెలకు కనీసం 20 వేలు ఇవ్వాలని సిఫారసు చేసింది. సిఫారసు కాగితం మీదే ఉండిపోతే అది జీతం కాదు. ఆ సంఖ్య మీకు తెలిసి ఉండాలి, నలుగురు కలిసి అడగాలి.

సామర్లకోటలో విస్తరణ శిక్షణ కేంద్రం ఉంది. సర్పంచులకు, పంచాయతీ ఉద్యోగులకు అక్కడ తరగతులు జరుగుతాయి. ఒకసారి ఏజెన్సీ నుంచి వచ్చిన మహిళా సర్పంచి ఒకామె మా ఇంటికి భోజనానికి వచ్చింది. "వదినా, నర్సు రాకపోతే నేనేం చేయగలను, ఆమె జీతం నా చేతిలో లేదుగా" అంది. ఆమెకు మేము చెప్పిందే మీకూ చెబుతున్నాం. 1996 నాటి పెసా చట్టం మన ప్రాంతాల్లో బడి, ఆసుపత్రి లాంటి సామాజిక రంగాల సంస్థల మీద, అక్కడి ఉద్యోగుల మీద అదుపు గ్రామసభకూ, తగిన స్థాయి పంచాయతీకీ ఉండేలా రాష్ట్రాలు చూడాలని చెబుతుంది. జీతం ఇచ్చేది ఎవరైనా, వచ్చిందా లేదా అని సభలో అడిగే హక్కు మీది. నర్సును అవమానించడానికి కాదు. ఆమెకు ఉండడానికి గది లేకపోతే అది కూడా ఆ సభలోనే రాయాలి. మేము కొండ మీద ఒంటరిగా ఉన్న రోజుల్లో మా కోసం అలా రాసిన సభ ఒక్కటీ లేదు.

ఇన్నేళ్లూ మన ఆరోగ్యం ఎవరో ఇచ్చే దయలా వచ్చింది. శిబిరం పెడితే వెళ్లాం, దుప్పటి ఇస్తే తీసుకున్నాం, వేలు పట్టుకుంటే ముద్ర వేశాం. ఇక చదువుకున్న మీరు ఉన్నారు. వచ్చే గ్రామసభకు ఒక నోటు పుస్తకం పట్టుకెళ్లండి. మీ ఊరి నుంచి ఈ ఏడాది ఎంతమంది ఆసుపత్రికి వెళ్లారు, ఎన్ని గంటల్లో చేరారు, ఎవరు తిరిగి రాలేదు, అంతా రాయండి. మన లెక్క మన దగ్గర ఉంటే సగటులో మనల్ని కలిపేయడం ఎవరికీ అంత తేలిక కాదు. ఆ పుస్తకం రాయడం ఎలాగో తెలియకపోతే మాకు ఫోన్ చేయండి. ఎత్తుతాం.