లంబసింగిలో రాసుకున్న జాబితా

విశాఖలో మట్టిదారి మోటార్ సైకిళ్ల డీలర్‌షిప్ తెరవడానికి ఇంకా నెలన్నర ఉందనగా కంపెనీ నుంచి విడిభాగాల జాబితా వచ్చింది. తొలి స్టాకు కింద ఏమేం కొని పెట్టుకోవాలో వరసగా ఉంది: పిస్టన్లు, సిలిండర్ బ్లాకు, హెడ్డు, రంగుకో సెట్టు చొప్పున ట్యాంకు ప్యానెళ్లు. మా దగ్గర మెకానిక్‌గా చేరడానికి ఒప్పుకున్న బాబాయి కళ్లజోడు సర్దుకుని మొత్తం చదివాడు.

"ఈ కాగితం రాసినోడు బండి తోలినోడు కాదు బాబూ. పద, రెండ్రోజులు మన్యం తిరిగొద్దాం. ఏటి ఇరుగుతాదో ఆ దారే సెప్తాది" అన్నాడు.

నవంబరులో ఒక తెల్లవారుజామున రెండు బండ్ల మీద బయల్దేరాం. చోడవరం, మాడుగుల దాటి ఘాట్ ఎక్కి పాడేరులో కాఫీ తాగాం. అప్పటిదాకా తారు రోడ్డే. జి.మాడుగుల దాటాక గూడేల్లోకి పోయే బాట పట్టాం. 2016లో హిమాలయన్, 2019లో ఎక్స్‌పల్స్ వచ్చాక ఇలాంటి దారులకు పనికొచ్చే బండ్లు మామూలు జీతగాళ్లకు కూడా అందాయి. బండి అందితే సరిపోదు, దాని ముక్కలూ అందాలి. నా భయమంతా అదే.

ఊట నీటికి మెత్తబడ్డ ఎర్రమట్టి, దాని కింద గుండ్రాళ్లు. ముందు చక్రం జారి బండి ఎడమ పక్కకు ఒరిగిపోయింది. నాకేం కాలేదు. లేపి చూస్తే క్లచ్ లివర్ మొదలుకు రెండు వేళ్ల దూరంలో విరిగి ఉంది. గేర్ లివర్ లోపలికి వంగి ఇంజిన్ కేసును ఆనుకుంది. బాబాయి సంచిలోంచి పాత ట్యూబు ముక్క తీసి, మిగిలిన మొండికి రెండు చుట్లు చుట్టి, దాని మీద వైస్‌గ్రిప్ బిగించాడు. ఆ ఇనుప పట్టకారునే క్లచ్ అనుకుని నొక్కుతూ చింతపల్లి దాకా నడిపాను. దిగేసరికి ఎడమ అరచేతిలో బొబ్బ లేచింది. కొన్ని వందల రూపాయల ముక్క అది. లక్షన్నర పైన పెట్టి కొన్న బండిని అడవిలో ఆపేయగలదు.

చింతపల్లికి కాస్త ముందు రెండో బండి ముందు చక్రం రాయికి కొట్టుకుని ట్యూబు పోయింది. రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు. పంక్చర్ షాపులో 17, 18 అంగుళాల ట్యూబులు గుత్తులుగా వేలాడుతున్నాయి. మాకు కావలసిన 21 అంగుళాలది ఒక్కటీ లేదు. రోజువారీ బండ్లకు ఆ సైజు రాదు కాబట్టి ఏ షాపువాడూ పెట్టడు. బాబాయి సంచిలో ఒకటి ఉండబట్టి గట్టెక్కాం. 21 అంగుళాల ట్యూబును అవసరానికి వెనక 18 చక్రంలోనూ మడత పడకుండా సర్ది ఎక్కించి ఇల్లు చేరవచ్చట. చిన్నదాన్ని లాగి ముందు చక్రానికి వేస్తే మాత్రం నిలవదన్నాడు.

ఆ రాత్రి లంబసింగిలో బస. దుప్పటి కప్పుకుని, లైటు కింద కంపెనీ జాబితా పరిచి కూర్చున్నాం. బాబాయి ఎయిర్ ఫిల్టర్ ఊడదీసి చూపించాడు. రోడ్డు పనుల దగ్గర లారీల వెనక వచ్చినందుకు ఒక్క రోజులోనే దాని మడతల్లో ఎర్రదుమ్ము పేరుకుంది. ఊరికి పనికొచ్చే లెక్కతో మన్యంలో ఫిల్టర్ మారిస్తే కుదరదని అప్పుడే రాసుకున్నాను.

స్టాకును రెండు రకాలుగా విడదీశాం. మొదటిది లెక్క తెలిసిన సరుకు. ఎన్ని బండ్లు అమ్మామో తెలుస్తుంది కనుక మొదటి సర్వీసుకు ఎన్ని ఆయిల్ ఫిల్టర్లు, ఎన్ని డ్రెయిన్ వాషర్లు కావాలో ముందే చెప్పొచ్చు. రెండోది పడితే కావలసిన సరుకు: లివర్లు, కేబుళ్లు, ట్యూబులు, చువ్వలు, అద్దాలు, ఫుట్‌పెగ్‌లు. దీన్ని అంచనా వేసుకోవాల్సిందే. క్లచ్ లివర్లు నెలకు 10 పోతాయనుకున్నాం. ఆర్డర్ పెట్టాక రావడానికి 12 రోజులు పడితే ఆలోపు 4 కావాలి. సరుకు ఆలస్యమైతేనో, సెలవు రోజుల్లో గుంపులు గుంపులుగా వస్తేనో ఆదుకోవడానికి ఇంకో 4. అంటే అరలో 8 మిగిలినప్పుడే కొత్త ఆర్డర్ వెళ్లాలి. సున్నా అయ్యాక కాదు. బ్రేక్ ప్యాడ్లను వానాకాలపు బురద తినేస్తుంది కాబట్టి అవి మే నెలలోనే వచ్చి ఉండాలి. ఫోర్క్ ఆయిల్ సీళ్లు కూడా కలిపాం.

పిస్టన్ ఒకటి చాలన్నాడు బాబాయి. సిలిండర్ బ్లాకు కొట్టేశాం. రంగు ప్యానెళ్లు దాదాపు అన్నీ తీసేశాం. కంపెనీ రంగులు మార్చిందంటే అవి అరలోనే ముసలివైపోతాయి, మన డబ్బు వాటితో పాటు కూర్చుంటుంది.

పొద్దున్నే టీకొట్టు దగ్గర ఒక యువ మాస్టారు మా బండ్ల చుట్టూ తిరిగి చూసి, "క్లచ్ కేబుల్ దొరుకుతుందా అండీ?" అని అడిగారు. ఆయనదీ ఇలాంటి బండే. కేబుల్ తెగి 18 రోజులైంది. కొండ మీది గూడెంలో బడి. రోజూ రానూ పోనూ 12 కిలోమీటర్లు నడుస్తున్నారట. ఇవ్వడానికి మా దగ్గర అదనంగా ఒక్కటీ లేదు. బాబాయి నావైపు చూసి ఊరుకున్నాడు. నాకు టీ సహించలేదు.

నర్సీపట్నం మీదుగా తిరిగొచ్చి, మారిన జాబితా కంపెనీకి పంపాను. కేబుళ్ల అంకెను రెట్టింపు చేశాను. సరుకు మా తలుపు తెరవకముందే వచ్చింది. మొదటి పెట్టె విప్పిన రోజే ఒక క్లచ్ కేబుల్ పొట్లం కట్టి, మాస్టారి పేరు రాసి చింతపల్లి బస్సులో వేశాను.