మా అత్తకు మంచు చూపించాలి!

సినిమాలో ప్రేమ పుట్టిందంటే చాలు, హీరో హీరోయిన్లకు ఉన్న ఊళ్లో ఊపిరాడదు! పల్లవి మన చెరువు గట్టు మీద మొదలైనా, చరణం అందుకునేసరికి మంచు కొండల మధ్య తేలతారు. హీరోగారికి తోలు కోటు, మెడకు మఫ్లరు, కాళ్లకు బూట్లు. హీరోయిన్‌కు మాత్రం షిఫాన్ చీర, చేతుల్లేని జాకెట్టు. ఈ అన్యాయం మీద ఇంతవరకూ ఎవరూ ఊరేగింపు తీసిన పాపాన పోలేదు. మా మేనత్త ఒక్కతే, నాకు ఊహ తెలిసినప్పటినుంచి, హాల్లో కూర్చుని గట్టిగా అడుగుతూ వస్తోంది. "ఆ గుడ్డకు ఆ చలి ఆగుద్దంట్రా అల్లుడా?"

ఆ మాట అడిగే అధికారం ఆమెకు ఉంది. సూర్యాపేట జిల్లా నడిగూడెంలో ఆమెది కుట్టుమిషను బతుకు. సినిమా ఆమెకు కాలక్షేపం కాదు, వృత్తి! కోదాడలో కొత్త బొమ్మ పడిందంటే వెళ్లాల్సిందే. తెల్లారితే ఆడపిల్లలు వచ్చి, ఫలానా పాటలో ఫలానా హీరోయిన్ వేసుకున్న జాకెట్టు కావాలంటారు. చూడకపోతే ఎలా కుడుతుంది? తోడుగా నన్ను తీసుకుపోయేది. నేను ఫైటింగులు చూసేవాణ్ణి. ఆమె మెడలు, చేతులు, అంచులు చూసేది. ఇంటర్వెల్లో గోలీసోడా ఇద్దరికీ ఒకటే.

2022లో 'సీతారామం' వచ్చింది. కాశ్మీరులో తీసిన చిత్రం. దాన్ని ఆమె హాల్లో ఒకసారి, తర్వాత టీవీలో లెక్కలేనన్ని సార్లు చూసింది. ఒకరోజు మిషను ఆపి, "అంత మంచు నిజంగానే ఉంటదారా? ఒక్కసారి కాలు పెట్టి చూడాలని ఉందిరా" అన్నది. అరవై మూడేళ్ల మనిషి. హైదరాబాదు దాటి పైకి వెళ్లి ఎరగదు. నా డిగ్రీ ఫీజుల్లో సగం ఆ మిషను పెడలు మీద తొక్కి కట్టిన మనిషి నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక ఇది. సరే అన్నాను. ప్లాను వేయడం మొదలుపెట్టాను.

అప్పుడు బయటపడింది అసలు తిరకాసు. మన తెలుగులో 'మంచు' అనే ఒక్క మాటతో ఎన్ని పనులు జరుపుకుంటున్నామో చూడండి! పుష్యమాసం తెల్లవారుజామున మునగాల దగ్గర హైవే మీద లారీలకు దారి కనిపించనివ్వని పొగమంచూ మంచే. మిరప చేలో ఆకుల మీద నిలిచే చుక్కా మంచే. ఆకాశం నుంచి దూదిలా రాలేదీ మంచే. కొండ సందుల్లో వందల ఏళ్లుగా పేరుకున్న గడ్డ కూడా మంచే. మా అత్త అడిగింది దూదిలాంటిది. నేను చూడాలనుకున్నది గడ్డని... అంటే హిమానీనదాన్ని, గ్లేసియర్‌ని.

శ్రీనగర్‌కు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో సోనామార్గ్ ఉంది. అక్కడినుంచి గుర్రం మీద గానీ నడిచి గానీ మరో మూడు కిలోమీటర్లు వెళితే తాజివాస్ హిమానీనదం. పేరు వినలేదంటారా? మీలో చాలామంది చూసే ఉన్నారు. 2015లో వచ్చిన 'బజరంగీ భాయిజాన్' క్లైమాక్సు తీసింది అక్కడే! సరిహద్దు కంచె, ఇటు జనం, అటు జనం, మధ్యలో సల్మాన్ ఖాన్... ఆ కొండలు, ఆ మంచు తాజివాస్‌వి. కథలో అది దేశాల సరిహద్దు. నిజానికి అది శ్రీనగర్ నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగిన చోటు.

సినిమా వాళ్ల మంచు మాయలు ఇన్నీ అన్నీ కావు లెండి. 'రోజా' (1992) చూసి కాశ్మీరు మీద మనసు పారేసుకున్న వాళ్లు మనలో ఎంతమందో! ఆ రోజుల్లో కాశ్మీరు పరిస్థితి బాగోలేక యూనిట్ మనాలి వెళ్లి ఆ మంచును తీసుకొచ్చింది. హాలీవుడ్‌దీ ఇదే కథ. 'డాక్టర్ జివాగో' (1965) రష్యా కథ, తీసింది ఎక్కువ భాగం స్పెయిన్‌లో. అందులో లోపలంతా గడ్డకట్టిన ఇల్లు ఒకటుంటుందే, ఆ మంచు తేనెమైనంతో చేసింది! ఈ సంగతి అత్తకు చెబితే ఆమె ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "జరీ అని చెప్పి ప్లాస్టిక్కు అమ్మట్లేదా?" అన్నది.

గ్లేసియరంటే ఏమిటో ఆమెకు చెప్పడానికి మాత్రం నాకు రెండు రోజులు పట్టింది. చలికాలం కురిసిన మంచంతా ఎండాకాలంలో కరిగిపోకుండా కొంత మిగులుతుంది. దాని మీద మళ్లీ ఏడు మళ్లీ కురుస్తుంది. అలా పొర మీద పొర పడి, అడుగున ఉన్నది నలిగి, గాలి పోయి, రాయిలా గట్టిపడుతుంది. మందం బాగా పెరిగాక తన బరువుకు తానే కొండ వాలు వెంట మెల్లగా జారుతుంది. కంటికి ఆనదు గాని నదిలాగే నడుస్తుంది. దారిలో రాళ్లూ మట్టీ ఈడ్చుకుంటూ పోతుంది.

"ఫిక్స్‌డ్ డిపాజిట్ అనుకో అత్తా. చలికాలం జమ, ఎండాకాలం ఖర్చు. ఏటా వడ్డీ మాత్రం నీళ్లయి కిందికి వస్తుంది. అసలు పైనే ఉంటుంది."

"ఇప్పుడో?"

"ఇప్పుడు అసలు కరుగుతోంది."

అక్కడ మాత్రం ఆమె మిషను ఆగింది. సాగర్ ఎడమ కాలువ కింద బతికే వాళ్లకు నీళ్ల లెక్క చెప్పనక్కర్లేదు కదా. మన కృష్ణమ్మకు మంచు కొండ అండ లేదు. మహాబలేశ్వరం దగ్గర పుట్టింది మొదలు వానే దిక్కు. పైన వాన లేని ఏడు కాలువ ఎండుతుంది, మునగాల, నడిగూడెం రైతు ఆకాశం వంక చూస్తాడు. ఆ కాశ్మీరు రైతుకు మాత్రం ఎండాకాలంలో కూడా కొండ మీద డిపాజిట్ ఉంటుంది. ఉండేది అనాలేమో! పహల్గాం వైపు కొలహోయ్ అని పెద్ద హిమానీనదం ఉంది. 1962 తర్వాత దాని విస్తీర్ణం అయిదో వంతుకు పైగా తగ్గిందని పరిశోధకులు కొలిచి చెప్పారు. ఐక్యరాజ్య సమితి 2025ను హిమానీనదాల పరిరక్షణ సంవత్సరంగా ప్రకటించి, మార్చి 21ని వాటి రోజుగా పెట్టింది. రోజులు పెట్టడం మొదలైందంటే పరిస్థితి ఎంతదాకా వచ్చిందో తెలుస్తూనే ఉంది. అందుకే నాకు తొందర. ఆమె మోకాళ్లకూ తొందరే, అది వేరే సంగతి.

ఇక దారి. కోదాడ నుంచి విజయవాడ బస్సులో రెండు గంటలు. అక్కడ చెన్నై నుంచి వచ్చే అండమాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కట్రా. (అండమాన్‌కు వెళ్లని రైలుకు ఆ పేరెందుకో ఆ రైల్వే దేవుడికే తెలియాలి!) రెండు రాత్రులు రైల్లోనే. కట్రా నుంచి శ్రీనగర్‌కు 2025 జూన్ 6న వందే భారత్ మొదలైంది. మూడు గంటల ప్రయాణం. దారిలో చీనాబ్ నది మీద 359 మీటర్ల ఎత్తున వంతెన. శ్రీనగర్ నుంచి సోనామార్గ్ రోడ్డు ఒకప్పుడు చలికాలం మూతపడేది, మంచు చరియలు విరిగి పడేవి. 2025 జనవరి 13న ఆరున్నర కిలోమీటర్ల సొరంగం ప్రారంభించాక ఆ బాధ తప్పింది.

ఇదంతా వినిపిస్తుంటే అత్తకు వాళ్ల తాత చెప్పిన ముచ్చట గుర్తొచ్చింది. మా మునగాల పరగణా వెనకటికి చుట్టూ నైజాం రాజ్యం, మధ్యలో దీవిలాగా ఇంగ్లీషు వాళ్ల కృష్ణా జిల్లా. నాలుగు మైళ్లు నడిస్తే వేరే రాజ్యం, వేరే రూపాయి! 1959లో గాని నల్లగొండ జిల్లాలో కలవలేదు. నడిగూడెం కోటలో రాజా నాయని వెంకట రంగారావుగారు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావుగారు కూర్చుని, 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టించేదాకా వెళ్లారంటే, ఆ నాలుగు మైళ్ల సరిహద్దు వాళ్లను ఆపలేకపోయిందన్నమాట. "మనకు సరిహద్దులు కొత్త కాదులేరా" అన్నది అత్త.

ఆమెకు లేని భయం నాకుంది. దాచను. 2025 ఏప్రిల్ 22న పహల్గాం పక్కన బైసరన్ పచ్చికలో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. విహారానికి వెళ్లిన మనుషులు. వారం తిరిగేసరికి ప్రభుత్వం కాశ్మీరులో 48 చోట్లు మూసేసింది, తర్వాత విడతలవారీగా తెరుస్తూ వచ్చింది. ఒక పెద్ద మనిషిని నా మాట మీద అంత దూరం తీసుకుపోవడం చిన్న విషయం కాదు. అత్తతో ఈ మాట అంటే, ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ, "అక్కడ గుర్రాలు తోలేవాళ్లు రోజూ ఉంటున్నారు గదా" అన్నది. నిజమే. ఆ రోజు చనిపోయిన వాళ్లలో గుర్రం తోలే స్థానికుడు కూడా ఒకడున్నాడు. నేను మాత్రం బయల్దేరే వారం ముందు ఏది తెరిచారో, ఏది మూశారో అడిగి తెలుసుకున్నాకే పెట్టె సర్దుతాను. తాజివాస్ దాకా వదలకపోతే సోనామార్గ్ మైదానం నుంచే ఆ హిమానీనదాలున్న కొండలు కనిపిస్తాయి. అదీ మన ప్లానులో ఉంది.

డాక్టరు గారు ఆమె బీపీ చూసి, మందులు మానొద్దని, ఎత్తు మీద పరుగులు వద్దని చెప్పారు. శ్రీనగర్ 1,600 మీటర్లకు కాస్త తక్కువ, సోనామార్గ్ 2,700 పైచిలుకు. 2,500 దాటాక కొందరికి తలనొప్పి, వాంతులు, ఆయాసం వస్తాయి. కనుక శ్రీనగర్‌లో రెండు రాత్రులు ఊరికే ఉండాలి. ఇంకో ముక్క, మీకూ పనికొస్తుంది. మన ప్రీపెయిడ్ సిమ్ములు అక్కడ పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ కావాలి. చీటీ పాడిన 45,000 రూపాయలు ఆమెవి. మిగతాది నా రాతల మీద రావాలి. రావాల్సిన పత్రికలున్నాయి!

అసలు పేచీ ఎక్కడ పడిందంటే, నెల దగ్గర. తెల్లటి సినిమా మంచు కావాలంటే ఏప్రిల్, మే నెలల్లో వెళ్లాలి. కాని ఆ మంచు కింద హిమానీనదం దుప్పటి కప్పుకుని ఉంటుంది, ఏది ఏదో తెలియదు. దాని అసలు ఒళ్లు చూడాలంటే పై మంచు కరిగిపోయిన సెప్టెంబరు. అప్పుడు అది తెల్లగా ఉండదు. బూడిద రంగులో, రాళ్లు, మట్టి మీద పడి, పగుళ్లతో ఉంటుంది. ఫోటో చూపించాను. ఆమె కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూసింది.

"ఉతకని బొంతలాగుంది గదరా! దీనికోసం అంత దూరమా?"

నేను వాదించదలుచుకోలేదు. ఆమె యాత్ర, ఆమె ఇష్టం. మేలోనే పోదామన్నాను. అప్పుడామె క్యాలెండరు తీసింది. మే అంటే పెళ్లిళ్లు, రోజుకు ఎన్ని జాకెట్లు కుట్టినా తరగవు. శ్రావణం వరలక్ష్మీ వ్రతాలు. పైగా వేసవి నుంచి రాఖీ పౌర్ణమి దాకా అమర్‌నాథ్ యాత్ర. సోనామార్గ్ పక్కనే బాల్తాల్ శిబిరం, ఇసకేస్తే రాలని జనం. కుట్టేవాళ్లకు చేతులు ఖాళీ అయ్యేది ఒక్క భాద్రపదంలోనే. పెళ్లిళ్లుండవు, వినాయక చవితి వెళ్లాక దసరా బట్టలు వచ్చేదాకా మిషను చల్లగా ఉంటుంది. అంటే సెప్టెంబరు! మా ఊరి ఆడపిల్లల జాకెట్లు నా పక్షాన తీర్పిచ్చాయి. "సరే పద, నీ మురికి మంచే చూద్దాం. దాని మీదయినా కాలు పెట్టొచ్చు గదా?" అన్నది, కొంచెం కోపంగానే. పగుళ్లుంటాయి, అంచు దాకానే, గుర్రం మనిషి చూపిన చోటే అని మాట తీసుకున్నాను.

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. ఆ పొద్దున ఎనిమిదింటికి నేను ఫోనుతో సిద్ధం. అత్త ఇప్పటికే దూది నింపి ఇద్దరికీ కోట్లు కుడుతోంది. నాది భుజాల దగ్గర బిగుతైందని మొన్న విప్పి మళ్లీ మొదలుపెట్టింది. కాశ్మీరు వాళ్లు తొడిగే ఫిరన్‌కు లోపల కుంపటి పెట్టుకునేంత వదులు ఎక్కడ వదులుతారు, చంకల దగ్గరా, నడుం దగ్గరా? శ్రీనగర్‌లో దిగగానే నేను కనుక్కోవాల్సిన మొదటి సంగతి అదేనట. హిమానీనదం రెండోది.