గాలిమర, విసుర్రాయి

సముద్రమునకు గట్టు గట్టుకొన్న హాలండువారు పాత గాలిమరలను పడగొట్టక పదిలపరచుకొనిరి. కిండర్డైకునందలి 19 మరలు 1997లో ప్రపంచ వారసత్వ సంపదలో చేరినవి. వానిలో కొన్ని మరకాపరుల కాపురమును జూపు ప్రదర్శనశాలలైనవి. అవి పల్లపు నేలల నీరు తోడునవి. ధాన్యము విసరు గాలిమరలను పదియవ శతాబ్దపు అరబ్బు భూగోళజ్ఞులు పారసీకమునందలి సీస్తానున వర్ణించియున్నారు. అంత పాతదైన యుపాయము మన నారాయణఖేడు ప్రాంతమున కేల రాలేదు? గాలి లేకనా? వేసవి గాలికి కప్పురేకులు లేచిపోవు ఊరు మాది. గాలికంటె చౌకయైన బలము ప్రతి యింటను ఉండెను. అది ఆడువారి రెక్కల బలము.

హైదరాబాదు మాదాపురమున 1992లో నెలకొల్పిన శిల్పారామమునకు మేము విద్యార్థులతో పోయితిమి. అందలి గ్రామీణ ప్రదర్శనశాలలో పూరిండ్లును, వృత్తులు చేయు నిలువెత్తు బొమ్మలును గలవు. బాలురు సంతసించిరి, మేమును సంతసించితిమి. కాని బొమ్మకు చెమట పట్టదు గదా!

మాది జొన్నరొట్టె తినెడి సీమ. జొన్నపిండి పాతబడినకొలది చేదెక్కును, రొట్టె విరిగిపోవును. కావున నెలకు సరిపడ ఒక్కసారి విసరి దాచుకొన వీలులేదు. కోడి కూయకముందే లేచి విసరవలయును. నీటిమర వచ్చి విసరు దాసీలకు విశ్రాంతి గలిగెనని గ్రీకు కవి ఆంటిపేటరు రెండువేల యేండ్ల క్రిందటనే పద్యము చెప్పెను. మనలో పలువురము విసుర్రాతి పాటను మెచ్చుకొంటిమి. విసరుట స్త్రీలకు వ్యాయామమనియు నంటిమి. ఆ వ్యాయామమును పురుషు లెవ్వరును కోరిన జాడ లేదు. పిండిగిర్ని వచ్చినతరువాతగాని మా ప్రాంతపు ఆడుపిల్లలకు వేకువ నిద్ర దక్కలేదు.

మరునాడు పొరుగింటి విసుర్రాయిని పాఠశాలకు తెప్పించితిమి. కక్కు కొట్టించి ఎన్ని యేండ్లైనదో, నునుపెక్కియున్నది. ఇద్దరు బాలురు ఎదురెదురుగ కూర్చుండి, సోలెడు జొన్నలు కంటిలో కుమ్మరించి త్రిప్పసాగిరి. కొన్ని చుట్లకే చేతులు మార్చుకొనిరి. జల్లింపగా సగము నూకయే.

బడి యూడ్చు ముసలమ్మ చూచి చూచి, “గట్ల కుప్ప వొయ్యద్దు బిడ్డా, పిడికిట్ల పట్టుకొని ఇన్నిన్ని వొయ్యాలె” అని చీపురు ప్రక్కనబెట్టి పిడి యందుకొనెను. పాట పాడుమని బాలు రడిగిరి.

“గిర్ని వచ్చినంక మరిసిన కొడుకా” అనుచు ఆమె నూకను మరల విసరసాగెను.