ప్రోగ్రామ్ అడిగితే... పేర్ల చిట్టా వచ్చింది!

శనివారం బ్యాచ్‌లో మిగిలింది ఒక్కటే చోటు. ఇద్దరు తల్లులు ఒకేసారి ఫోన్‌లో ‘బుక్’ నొక్కారు. ఇద్దరికీ సీటు ఖరారైనట్టు మెసేజ్ వచ్చింది. క్లాసు గుమ్మంలో ఆ ఇద్దరికీ సర్దిచెప్పేసరికి కూచిపూడి టీచరుగారికి తల ప్రాణం తోకకొచ్చింది.

విజయవాడ సత్యనారాయణపురంలో ఆమె నాట్యం నేర్పుతారు. బుకింగ్ కోసం వెబ్ అప్లికేషన్ రాసిపెట్టింది ఆమె అక్క కొడుకు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పిన్ని గొడవ సంగతి చెప్పగానే లోపం ఎక్కడుందో అతనికి తెలిసిపోయింది. ఖాళీ ఉందా అని చూడటానికీ, పేరు రాసుకోవడానికీ మధ్య వెంట్రుకవాసి సందు. రెండో తల్లి అందులోంచే దూరింది. చూడబోయే ముందే ఆ బ్యాచ్‌కి తాళం వేసి, పేరు రాశాకే తీసేలా మార్చాడు. ట్రాన్సాక్షన్ అంటారు దీన్ని. గొడవలు ఆగాయి.

ఆ సంబరంలో టీచరుగారు హన్మకొండలో సంగీతం చెప్పే స్నేహితురాలికి మాటిచ్చేశారు... ‘‘మావాడు నీకూ పంపిస్తాడులే’’ అని. అతను అలాగే సోర్స్ కోడ్ మొత్తం జిప్ చేసి మెయిల్ కొట్టాడు. అక్కడ దాన్ని నిలబెట్టే పని బీటెక్ చదువుతున్న ఆవిడ కూతురి మీద పడింది.

చెయ్యి తిరిగినవాళ్లని ఆవకాయ కొలతలు అడిగి చూడండి. ‘ఉప్పు తగినంత, కారం చూసుకుని’ అంటారు. కోడ్ రాసేవాళ్లూ అంతే! అమ్మాయి ఎక్స్ఏఎంపీపీ వేసుకుని తెరిస్తే తెల్ల పేజీ. అతను కాలేజీ ప్రాజెక్టులోంచి ఎత్తిన కొన్ని భాగాలు డేటాబేస్‌ని పాత పద్ధతిలో పిలుస్తున్నాయి. ఆ పద్ధతిని 2015లో వచ్చిన పీహెచ్‌పీ 7లోనే తీసేశారు. విజయవాడ సర్వర్‌లో ఇంకా పాత పీహెచ్‌పీయే కాబట్టి అక్కడ నడుస్తోంది. రెండు రాత్రులు కూర్చుని ఆ పిల్లే సరిచేసింది. తీరా చూస్తే జిప్‌లో డేటాబేస్ పట్టికలే లేవు. అడిగింది. పని ఒత్తిడిలో ఉన్న అతను ఉన్నదున్నట్టు ఎగుమతి చేసి పంపేశాడు.

పావుగంటలో ఫోన్.

‘‘అన్నా, ఇందుల మీ పిన్నిగారి క్లాసు పిల్లల పేర్లున్నయి. వాళ్ల అమ్మానాన్నల నంబర్లు, ఎవరు ఏ రోజు ఎన్నింటికి వస్తరో అన్నీ ఉన్నయి.’’

‘‘అయ్యో! ఇంకెవరికీ పంపలేదు కదమ్మా?’’

‘‘అర్థం గాక మా ఫ్రెండ్‌కి పంపుదామనుకున్న. పంపలే. తీసేస్తున్న.’’

ఆడపిల్లలు ఏ సాయంత్రం ఏ వీధిలో ఉంటారో చెప్పే చిట్టా అది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారి వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి. అసలు చట్టం దాకా ఎందుకు, ఆ తల్లులు నంబర్లిచ్చింది టీచరుగారి ముఖం చూసి! సెట్టింగుల ఫైల్లో డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా వెళ్లిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది అతనికి. ముందు దాన్ని మార్చాడు. పిన్నికి చెప్పాలా, వద్దా అని రెండ్రోజులు మథనపడి చెప్పాడు. ఆమె ఒక్క మాటా అనలేదు. మర్నాటి నుంచీ ఒక్కో తల్లినీ పక్కకు పిలిచి, జరిగింది చెప్పారు. ఇద్దరు మాత్రం నంబర్లు తీసేయమన్నారు. తీయించారు.

ఆ తర్వాతే అతను పని పద్ధతిగా చేశాడు. ఖాళీ పట్టికలు, కల్పిత పేర్లతో ముగ్గురు విద్యార్థులు, పాస్‌వర్డ్ చోట చుక్కలు పెట్టిన నమూనా సెట్టింగుల ఫైలు. అంతా గిట్‌హబ్‌లో పెట్టాడు, అదీ పాత చరిత్ర లేకుండా కొత్తగా. గిట్‌కి జ్ఞాపకశక్తి ఎక్కువ మరి! ఈరోజు పాస్‌వర్డ్ చెరిపేసినా నిన్నటి ప్రతిలో పదిలంగా ఉంటుంది.

‘‘నేను మార్చి ఇంకొకరికి ఇయ్యొచ్చా అన్నా?’’ అని అమ్మాయి అడిగిన ప్రశ్న ఒకటి మిగిలింది. మన కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌నూ సాహిత్య రచనగానే లెక్కిస్తుంది. అనుమతి రాసివ్వకపోతే ఎదురుగా కనిపిస్తున్న కోడైనా వాడుకునే హక్కు రాదు. అందుకే జీపీఎల్ లైసెన్సు జతచేశాడు. రిచర్డ్ స్టాల్‌మన్ 1989లో తెచ్చిన లైసెన్సు ఇది. ఎవరైనా మార్చుకోవచ్చు, అయితే మార్చి పంచేటప్పుడు సోర్స్ కోడ్ కూడా ఇవ్వాలి.

హన్మకొండ నుంచి మార్పులు తిరిగొచ్చాయి. అక్కడ పేర్లు తెలుగులో రాస్తే ప్రశ్నార్థకాలు కనిపించేవి. పట్టికల అక్షర పద్ధతిని యూటీఎఫ్8ఎంబీ4కి మార్చింది. ఆరు గంటల క్లాసు ముగిసి పిల్లలు ఇళ్లకు చేరినా బుకింగ్ తెరిచే ఉండేది. విదేశీ సర్వర్ గడియారం మనకంటే అయిదున్నర గంటలు వెనక నడుస్తోంది మరి. దాన్నీ సరిచేసింది. ‘మొదట ఇది చదవండి’ అని తెలుగులో రెండు పేజీలు రాసిందీ ఆమే.

ఆ రెండు పేజీలు పట్టుకుని ఖమ్మంలో ఓ కరాటే మాస్టారు ఒక్క పూటలో పెట్టుకున్నారు. ఏడో మెట్టు దగ్గర మాత్రం ఆగిపోయి ఫోన్ చేశారట. అక్కడ ఇప్పుడు ఇంకో రెండు వాక్యాలు చేరాయి.