మారండహళ్ళిలో బొంత గుడ్డ

మా చిన్నమ్మాయికి ఏడో నెల వచ్చిందని తెలిసిన వారమే నాకు బొంత కుట్టాలని బుద్ధి పుట్టింది. యాభై ఎనిమిదేళ్ళ వయసులో, ఊడిన గుండీ కుట్టుకోవడం తప్ప మరేమీ రాని చేతులతో! నవ్వకండి. అవ్వ కుట్టిన బొంత మీద నేను, అమ్మ కుట్టిన బొంత మీద నా పిల్లలు పెరిగాం. అమ్మకిప్పుడు ఎనభై రెండు. సూదిలో దారం ఎక్కించుకోలేదు కాని కుట్టు ఆమె వేళ్ళకు గుర్తుంది. ఇప్పుడు నేర్చుకోకపోతే మా ఇంట్లో ఇక నేర్పేవారుండరు.

ముందు గుడ్డ కావాలి కదా! ఉండేది బెంగళూరు కనుక చిక్కపేటకు వెళ్ళాను. అక్కడ దొరకని గుడ్డంటూ లేదు. ఏది కావాలో తెలియనివాళ్ళకు అదే చిక్కు. ఒక అంగడిలో "అసలైన నూలు" అని చెప్పి ఇచ్చిన పూల గుడ్డ నాలుగు మీటర్లు తీసుకుని పుట్టింటికి రైలెక్కాను.

హోసూరు, రాయకోట దాటితే మారండహళ్ళి. ధర్మపురి జిల్లా, పాలక్కోడు తాలూకా. ఊరి పేరులోని హళ్ళి కన్నడం, బడిలో చదువు తమిళం, మా ఇంట్లో మాట తెలుగు. టమాటా తోటలు, కొంచెం దూరంలో పంచపల్లి దగ్గర చిన్నారు ఆనకట్ట. చూడ్డానికి ఎవరూ పనిగట్టుకుని రారు. నేను మాత్రం గుడ్డ కోసం వచ్చాను.

నా మూట విప్పగానే అమ్మ నోరు నొక్కుకుంది. "కొత్త గుడ్డ కొనుక్కొచ్చి బొంత కుట్టేదేందే! కోక చినిగితే కదా బొంత!" అంటూనే అంచు నుంచి రెండు పోగులు లాగి దీపానికి చూపింది. నూలైతే కాగితంలా కాలి బూడిద అవుతుంది. నా పోగులు కరిగి నల్లటి పూసలా గట్టిపడ్డాయి. "ఇది పాలిస్టరు కలిసిన గుడ్డ. చెమట పీల్చదు. పసిబిడ్డ కిందికి పనికిరాదు" అని తేల్చేసింది.

"అయితే నీ పాత కోకలే ఇయ్యి" అన్నాను. అమ్మ మాట్లాడకుండా బావి గట్టు మీది స్టీలు బకెట్టు వైపు చూసింది. నాకప్పుడు గుర్తొచ్చింది. నేను కాలేజీ చదువుకునే రోజుల్లో పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే మనిషి వస్తే, "ఈ పాత గుడ్డలెందుకమ్మా, ఇప్పుడందరూ నైలెక్స్ కడుతున్నారు" అని అవ్వవీ అమ్మవీ నూలు కోకలన్నీ మూట కట్టి ఇప్పించింది నేనే. ఆ మూటకు వచ్చిందే ఆ బకెట్టు. ఆ తరవాత ఇంట్లో కట్టినవి ఎక్కువగా ఉతికినా మెత్తబడని చీరలే. అమ్మ ఆనాడూ ఏమీ అనలేదు, ఈనాడూ అనలేదు.

మర్నాడు ఇద్దరం బజారుకు బయలుదేరాం. మొదట దర్జీ దగ్గరికి. కత్తిరింపు ముక్కలు గోనె నిండా ఉన్నాయి. ఊరికే తీసుకోమన్నాడు. అమ్మ ఒక్కొక్కటే వేళ్ళతో నలిపి చూసి, పదింటిలో మూడు ఉంచుకుంది. నలిపితే ముడతపడి, ఆ ముడత అలాగే నిలిస్తే నూలు పాలు ఎక్కువని లెక్కట.

తరవాత బట్టల అంగడి. నేను చీరల వైపు చూస్తుంటే అమ్మ మగవాళ్ళ బట్టల అర దగ్గర నిలబడింది. "ఆడవాళ్ళ గుడ్డలో కల్తీ వచ్చింది కాని లుంగీలో ఇంకా నూలు దొరుకుతుందే" అంది. చీటీ చదివి, నలిపి చూసి, అడుగు పొరకు నాలుగు మూరల తెల్ల పంచెలు రెండు, పై ముక్కలకు గళ్ళ లుంగీలు రెండు, లంగా గుడ్డ పాప్లిన్ మూడు రంగుల్లో తలా ఒక మీటరు, నైటీల గుడ్డ ఒక మీటరు తీసుకున్నాం. బొంత గుడ్డ అని ఏ అంగడిలోనూ బోర్డు ఉండదు, ఇవన్నీ కలిస్తేనే బొంత గుడ్డ!

పసిబిడ్డను కొత్త గుడ్డ మీద పడుకోబెట్టరు కదా. అందుకని కొన్నవాటిని పాతబరచాలి. గంజి పోయేదాకా, కుంచించుకునేదంతా ముందే కుంచించుకునేదాకా నానబెట్టి ఉతికాం. ఎర్ర పాప్లిన్ విడిగా నానేస్తే నీళ్ళు రక్తంలా అయ్యాయి. నాలుగో ఉతుకుకు తేటపడ్డాయి. తొందరపడి ముందే కుట్టి ఉంటే తెల్ల పంచె గులాబీ రంగు తిరిగేది.

మన బొంతకు చుట్టాలు చాలామందే ఉన్నారు. బెంగాల్లో కాంథా, ఉత్తర కన్నడ జిల్లా సిద్ధీల ఇళ్ళలో కవంది. అమెరికాలో అలబామాలోని జీస్ బెండ్ నల్లజాతి స్త్రీలు పాత పని బట్టలతో కుట్టిన బొంతలను 2002లో మ్యూజియంలో ప్రదర్శించారు, 2006లో తపాలా బిళ్ళల మీద అచ్చువేశారు. అందరిదీ చినిగినదాన్ని పారేయని కథే.

మొదటి వరస అమ్మ చెయ్యి పట్టి వేయించింది. నా కుట్లు వంకరటింకర. విప్పేస్తానంటే, "వద్దు, బిడ్డకు వంకర తెలీదు, మెత్తన తెలుస్తుంది" అంది.

దూరదేశాల్లో ఉన్న అక్కచెల్లెళ్ళకు ఒక్క మాట. అమ్మవో అత్తగారివో నూలు చీరలు పెట్టె అడుగున ఉంటే ఎవరికీ ఇచ్చేయకండి. ఇచ్చేసి ఉంటే లుంగీలు కొనుక్కోండి.

అన్నట్లు, ఆ గుడ్డలన్నీ నానబెట్టింది ఆ స్టీలు బకెట్టులోనే.