వేపచెట్టు కింద చీపురు

వేపచెట్టు నీడ ఎంత చల్లనో చెప్పేవాళ్లు ఎక్కువగా మగవాళ్లే. దాని కింద కుర్చీ వేసుకుని పేపరు చదివేది వాళ్లు కనక! చీపురు పట్టేవాళ్లని అడిగి చూడండి, వేరే కథ చెబుతారు.

హనుమకొండలో మా పెరటి వేపకి ఏడాదికి మూడు పంటలు. మొదటిది ఆకు. శివరాత్రి నాటికి పండి రాలడం మొదలు. ఊడ్చి వెనక్కి తిరిగేసరికి మళ్లీ అంతే. గాబులో ఆకు, ఆరేసిన బట్టల్లో ఆకు, తలలో ఆకు! రెండోది పువ్వు. ఉగాది ముందర బియ్యపు నూక చల్లినట్టు నేలంతా తెలుపు. మూడోది పండు. తొలకరి వేళకి టపటపా రాలి, కాలికింద చితికి, ఈగల్ని పేరంటానికి పిలుస్తుంది.

ఇందులో సగం పంట గోడ అవతల పక్కింటి పెద్దమ్మకి. నీడ మాకు, చెత్త ఆవిడకి! "కొట్టెయ్యరాదు బిడ్డా, నడుం పోతున్నది" అంటుంది. ఆ మాటలో అన్యాయమేముంది చెప్పండి?

రాలకుండా ఆపలేం గానీ, రాలినదానికి చోటు చూపించవచ్చు. ఆకు తగలబెట్టకండి. పొగ సంగతి అలా ఉంచి, చెత్త అలా కాల్చకూడదని 2016 నిబంధనలే చెప్పాయి. మూలన గుంట తీసి, ఆకు వేసి, కాస్త పేడనీళ్లు చల్లుతూ ఉంటే కొన్ని నెలల్లో ఎరువు. పువ్వుకి రాత్రిపూట పాత నూలుచీర పరిస్తే చాలు. నీడన ఆరబెట్టి డబ్బాలో పోసుకుంటే, నేతిలో వేయించి తొలి ముద్దలోకి, చారులోకి ఏడాదంతా వస్తుంది. పండ్ల గుజ్జు కడిగేసి గింజలు నీడనే ఎండబెట్టండి. పప్పు దంచి, 50 గ్రాముల పొడి లీటరు నీళ్లలో రాత్రంతా నానేసి, గుడ్డలో వడకట్టి, కాస్త సబ్బు కలిపి చిక్కుడుపాదు మీద చల్లితే పేనుబంక తగ్గుతుంది. చల్లడం సాయంత్రమే సుమా, ఎండకి దాని బలం పోతుంది.

2021లో మాత్రం చెట్టు నాలుగో రకం రాల్చింది. ఎండుపుల్లలు. తెలంగాణలో ఎన్నోచోట్ల వేపకొమ్మలు నిప్పంటుకున్నట్టు మాడిపోయాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం తెచ్చిన తెగులన్నారు. ఊడ్వడానికి ఆకే లేదు. అయినా ప్రాణం కుదుటపడలేదు. పెద్దమ్మ గోడ దగ్గర నిలబడి పైకి చూస్తూ, "ఏమైంది బిడ్డా దీనికి? బతుకుతదా?" అంది. తర్వాతి వసంతంలో ఎర్రటి చిగుళ్లు వచ్చాయి. ముందుగా చూసి నన్ను పిలిచింది ఆవిడే.

ఆకు రాలగానే మళ్లీ కొట్టెయ్యమంది లెండి! అందుకే ఒప్పందం కుదుర్చుకున్నాం. గోడ దాటిన రెండు కొమ్మలు కొట్టించాం. ఆకు రాలే రోజుల్లో అవతలి వాకిలి ఊడ్చే కూలి కూడా మేమే ఇస్తాం. ఉగాదికి వేపపువ్వు డబ్బా మొదట ఆవిడకే. ఆదివారం చీపురు మావారిది. ఒక్క గంట ఊడ్చాక, "ఇంత రాలుతుందా!" అన్నారు పాపం.

మీ ఇంట్లోనూ చెట్టు ఉంచాలా కొట్టాలా అని తగువు వస్తే, ముందు ఊడ్చేదెవరో తేల్చుకోండి. అది తేలితే చాలా చెట్లు గొడ్డలి తప్పించుకుంటాయి.